సిక్స్‌లైన్ రాస్ కొత్త చేపని తరుముతోంది, పట్టేదెలా?

ఉప్పునీటి తొట్టి:
200 లీటర్ల రీఫ్ (పగడాలు పెంచే) ట్యాంకు. అందులో మొదట వేసింది సిక్స్‌లైన్ రాస్ అనే చిన్న చారల చేపనే. ఇప్పుడు ఫైర్‌ఫిష్ అనే కొత్త చేపని వేస్తే మూలకి తరిమి తోక చీల్చేసింది. రాళ్ళు పీకకుండా రాస్‌ని పట్టొచ్చా? ఇంకోటి, రాత్రిపూట దాని ఒంటి చుట్టూ జిగురు సంచిలాంటిది కనిపిస్తోంది. జబ్బేమో?

రాతిసందు:
జబ్బు కాదండీ. రాతి సందులో దూరి, జిగురు పొర కప్పుకుని పడుకోవడం దాని అలవాటే. లైటు వేసి లేపకండి.

ముందు ఫైర్‌ఫిష్‌ని చిల్లుల పెట్టెలోకి మార్చి ట్యాంకులోనే వేలాడదీయండి. బెదిరితే అది నీళ్ళలోంచి ఎగిరి బయట పడుతుంది, కాబట్టి పైన సన్న కన్నుల వల తప్పనిసరి. రాస్ కూడా దూకే రకమే.

చిన్నలల:
జల్లి వల పట్టుకుని వెంటపడితే దొరకదు, రాళ్ళలోకి జారుకుంటుంది. ఇసుక తవ్వినా లాభం లేదు. కొన్ని రాస్‌ల్లా ఇది ఇసుకలో దూరదు.

జారుడు తలుపున్న పారదర్శకమైన ట్రాప్ వాడండి. తలుపుకి గాలపు దారం కట్టి, ఎత్తి ఉంచి, మూడు నాలుగు రోజులు మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవుల మేత) అందులోనే వేయండి, బయట వేయకండి. భయం పోయి నేరుగా లోపలికి వచ్చి తినడం మొదలయ్యాకే దారం వదలాలి. తొందరపడి వదిలి తలుపు దాని తోక మీద పడిందో, మళ్ళీ ఆ దరిదాపులకి రాదు. సీసాతో చేసుకునే ట్రాప్ అయితే పక్కల చిల్లులు పెట్టి అంచులు నున్నగా గీకండి. నీరు ఆడకపోతే లోపల చిక్కిన చేప ఊపిరాడక చస్తుంది, రాత్రంతా వదిలేయొద్దు.

పట్టాక రెండు వారాలు విడిగా ఉంచండి. ఈలోగా ఫైర్‌ఫిష్ తన చోటు చూసుకుంటుంది. తిరిగి వదిలేముందు రాళ్ళు కొన్ని అటూ ఇటూ జరిపితే పాత హద్దులు చెరిగిపోతాయి.

పగడపుదిబ్బ:
ఇది కుదిరితే సరే, కానీ ఫైర్‌ఫిష్ లాంటి సాధు చేపతో నాకు నమ్మకం తక్కువ. రెండు వారాల తర్వాత కూడా తరిమితే రాస్‌ని వేరే ట్యాంకుకి ఇచ్చేయడమే మేలు. ఉంచుకుంటే ఇంకో సిక్స్‌లైన్‌ని గానీ, ఫెయిరీ, ఫ్లాషర్ రాస్‌లని గానీ చేర్చకండి. మాండరిన్ చేప కూడా వద్దు, రెండూ తినేది రాళ్ళ మీదుండే కోపెపాడ్‌లనే (సన్నటి పీతజాతి జీవుల్నే) కాబట్టి మాండరిన్ మాడిపోతుంది.

అయితే ఇది పగడాల జోలికి పోదు. ట్రైడాక్నా చిప్పల్ని (పెద్ద ఆల్చిప్ప జీవుల్ని) పీల్చే పిరమిడెల్లిడ్ అనే చిన్న నత్తల్ని ఏరుకుని తింటుంది. అవి రాత్రిపూట బయటికొచ్చే రకం, ఇది పగలు తిరిగేది. అందుకే దీనిమీదే వదిలేయకుండా చిప్ప అడుగుని మీరే బ్రష్‌తో రుద్దాలి.