‘గుడ్డి భయం’ అనొచ్చా?

ఓ స్పానిష్ సినిమా పేరును తెలుగు చేయబోయి చిక్కుకుపోయాను. ‘లా నోచే దెల్ తెర్రోర్ సియెగో’. 1972 నాటిది, అమాందో దె ఒసోరియో తీశాడు, నాలుగు దయ్యాల సినిమాల వరసలో మొదటిది. నోచే రాత్రి, తెర్రోర్ భయం, సియెగో గుడ్డి. మనకు గుడ్డి నమ్మకం ఉంది, గుడ్డి ప్రేమ ఉంది. ‘గుడ్డి భయం’ అంటే మాత్రం ఊరికే భయపడటంలా వినిపిస్తోంది. అక్కడ సంగతి వేరు. చచ్చిన టెంప్లార్ యోధులు, అంటే మధ్యయుగాల నాటి క్రైస్తవ సైనిక సంఘంవాళ్ళు, సమాధుల్లోంచి లేస్తారు. ఉరికి వేలాడుతుంటే కాకులు కళ్ళు పొడుచుకుతిన్నాయి కనక చప్పుడును బట్టి వేటాడతారు. భయపడేవాళ్ళు కాదు, భయపెట్టేదే గుడ్డిది. ‘అంధభీతి’ అందామంటే పరీక్షలో విగ్రహవాక్యం రాయమన్నట్టుంది. ఏమంటారు?

*

గుడ్డిని వదలకండి. గుడ్డిదీపం, గుడ్డిలాంతరు అంటాం కదా, దీపానికి కనబడక కాదు, దాని వెలుగులో మనకు కనబడక. ఈ సినిమాలకు ఆ అర్థమే బాగా అతుకుతుంది. న్యూజెర్సీలో ఓ వీడియో షాపు మూసేస్తూ క్యాసెట్లు డాలరుకొకటి అమ్మేస్తుంటే ఇది కొన్నాను. పట్టపగలు తీసి రాత్రని నమ్మించిన సీన్లు ఆ అరిగిన టేపులో నిజంగానే చీకటిపడ్డాయి. గుర్రాలు స్లో మోషన్‌లో వస్తుంటే లైటు వేసుకుని చూశాను. తర్వాత 2005లో నాలుగు సినిమాలూ శవపేటిక ఆకారం పెట్టెలో డీవీడీలుగా వచ్చాయి. బొమ్మ తేటపడింది, రాత్రి కాస్తా ఎండైపోయింది. మూడోదాంట్లో దయ్యాల ఓడ నీళ్ళలో వదిలిన ఆటబొమ్మని పసిపిల్లాడైనా చెప్తాడు. ఆ పెట్టె మాత్రం ఎవరికీ అరువివ్వను.

*

బడ్జెట్టు సంగతికొస్తే గుడ్డిగవ్వ కూడా ఉందండోయ్!
గుడ్డికొంగను మర్చిపోయారు. దానికి చూపు నిక్షేపంలా ఉంటుంది. పొలంగట్టు మీద మనం దాదాపు తొక్కేదాకా కదలదని ఆ పేరు. మీ సినిమాలో అమ్మాయి చివర్లో చేసేదీ అదే, బిగుసుకుపోయి నిలబడుతుంది. పాపం, గుండె చప్పుడు పట్టించేస్తుంది.

*

శవాలకు గుడ్డి అన్నా ఫర్వాలేదు గానీ, మనుషుల దగ్గరికొచ్చేసరికి ‘చూపులేని’ అనే అనండి. 1973లో వచ్చిన రెండోదాని పేరులో సియెగో లేదు, ‘మువెర్తోస్ సిన్ ఓహోస్’ అన్నారు, అంటే కళ్ళులేని శవాలు. అందులో కాకులూ లేవు, ఊరివాళ్ళే కాగడాలతో కళ్ళు కాల్చేస్తారు.

*

అందరికీ థాంక్సండీ. గుడ్డిదీపం చదివాక ‘గుడ్డిరాత్రి’ అని పెట్టేద్దామనిపించింది. వ్యాకరణం ఒప్పుకోలేదు. నోచే స్త్రీలింగం, రాత్రే గుడ్డిదైతే ‘సియెగా’ అనాలి. సియెగో అన్నాడంటే అది తెర్రోర్‌కే తగులుతుంది. కాబట్టి ‘గుడ్డి భయం తిరిగే రాత్రి’ అని రాసుకున్నాను. ‘తిరిగే’ నా సొంతం, తిట్టుకోకండి.

ఇంకోటి. 1975 నాటి నాలుగోదాని పేరు ‘లా నోచే దె లాస్ గవియోతాస్’. గవియోతా అంటే సీగల్. నీటికాకి అందామంటే అది నల్లటి కార్మొరెంట్. కాకినాడ, భీమిలి వైపువాళ్ళున్నారా? మీ వేటగాళ్ళు ఆ తెల్లపిట్టనేమంటారు?