వార్తా ఛానళ్ల ముకుతాడు ఎవరి చేతిలో ఉండాలి?

గోపాలపట్నం వాసి:
మొన్న మా ఇంట్లో పట్టిన నీళ్లన్నీ పారబోశాం. విశాఖకు నీళ్లిచ్చే మేఘాద్రిగెడ్డ జలాశయంలో నీళ్లు పాడయ్యాయని ఒక ఛానల్ పొద్దున్నుంచీ స్క్రోలింగ్ వేసింది. మా ఆవిడ బిందెలు, బకెట్లే కాదు, ఫిల్టర్‌లో మిగిలినవి కూడా ఒంపేసింది. సాయంత్రానికి వీధిలో ఇరవై లీటర్ల టిన్ను రెట్టింపు ధర పలికింది. మర్నాడు అదంతా ఉత్తదేనని తేలింది. స్క్రోలింగ్ మాయమైంది గానీ, పొరపాటు పడ్డామన్న ముక్క ఒక్కటి రాలేదు. ఎవరికి చెప్పుకోవాలి? ప్రెస్ కౌన్సిల్ పరిధిలోకి టీవీ రాదు. పత్రికలనైనా అది మందలించగలదే తప్ప పైసా జరిమానా వేయలేదు. ఛానళ్లు తమకు తాము పెట్టుకున్న సంఘమేమో, అందులో సభ్యులు కాని ఛానళ్ల జోలికి పోదు. అందుకే అంటున్నాను, ప్రభుత్వమే ఒక నియంత్రణ సంస్థ పెట్టాలి, తప్పు చేస్తే ప్రసారం ఆపించాలి.

సీతమ్మధార, మాజీ సబ్ ఎడిటర్:
ఆపించే అధికారం ప్రభుత్వానికి 1995 కేబుల్ టీవీ చట్టం నుంచే ఉందండీ. అది మీ బిందెల కోసం కదలదు, అంతే. మలయాళ ఛానల్ మీడియావన్ సంగతి చూడండి. 2022లో కేంద్రం దాని అనుమతిని పునరుద్ధరించలేదు. కారణాలు సీల్డ్ కవరులో కోర్టుకు వెళ్లాయి, తాము చేసిన తప్పేమిటో ఛానల్ వారికే తెలియదు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అప్పటికి ఏడాది దాటింది. పెద్ద సంస్థ కాబట్టి ఢిల్లీ దాకా వెళ్లగలిగింది. మన జిల్లాలో ఇద్దరు విలేకరులతో నడిచే పత్రికకు అంత దమ్ము ఉంటుందా?

వేపగుంట అమ్మాయి:
అబద్ధపు వార్త అంటే నాకు గుర్తొచ్చేది 2020 మే 7 రాత్రి. ఆ రోజు తెల్లవారుజామునే ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకై పన్నెండు మంది పోయారు. అర్ధరాత్రి దాటాక మళ్లీ లీకైందన్నారు. మా అమ్మ కొంగు తడిపి ముక్కుకు చుట్టుకుంది, నేను తమ్ముణ్ని స్కూటరు మీద ఎక్కించుకున్నాను. రోడ్డంతా జనం. తీరా చూస్తే, లీకవుతోందన్నదీ అధికారులే, లేదన్నదీ అధికారులే. ఆ పూట ఏది అబద్ధమో తేల్చే పని ప్రభుత్వానికే ఇస్తే, ఏ అధికారి మాటను నిజమనేవారు? అన్నట్టు, ఫ్యాక్టరీ సైరన్ మోగలేదని తర్వాత ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ రాసింది. అది ముందుగా చెప్పింది మా ఊళ్లవాళ్లే.

ఇంకొకటి. ఆ ప్రమాదంపై ప్రభుత్వాన్ని ప్రశ్నించే పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్నందుకు గుంటూరులో అరవై దాటిన ఒకావిడకు సీఐడీ నోటీసు వచ్చింది. ఆవిడ ఏ ఛానల్ నడిపింది?

ఎంవీపీ కాలనీ లాయరు:
2023లో కేంద్రం ఐటీ నిబంధనలు సవరించి, ఆన్‌లైన్‌లో తన గురించి వచ్చే వార్తల్లో ఏది నకిలీయో తన విభాగమే తేల్చేలా చేసింది. తన కేసుకు తానే జడ్జి! 2024 సెప్టెంబర్‌లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టివేసింది. మన రాష్ట్రం మాత్రం తక్కువ తిన్నదా? తప్పుడు వార్తలపై కేసులు వేసే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇస్తూ 2019 అక్టోబర్‌లో జీవో 2430 వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే కేబుల్‌లో కొన్ని ఛానళ్లు కనబడకుండా పోయాయి. దీనికి జీవో కూడా లేదు. ఎవరు ఆపమన్నారో ఎవరూ చెప్పరు.

గోపాలపట్నం వాసి:
ఆ పెద్దావిడకు నోటీసు ఇవ్వడం తప్పే, ఒప్పుకుంటున్నాను. సీల్డ్ కవరు కూడా. కానీ మీరంతా ప్రభుత్వం చేసిన తప్పులే చెబుతున్నారు. నా నీళ్ల మాట ఎవరూ ఎత్తరేం?

సీతమ్మధార, మాజీ సబ్ ఎడిటర్:
ఎత్తుతాను. డెస్కులో మా రోజుల్లోనూ మొదటి పేజీ తప్పుకు సవరణ లోపలి పేజీ అడుగున, భూతద్దం పెట్టి వెతికేంత అక్షరాల్లో పడేది. సిగ్గుగానే ఉండేది, వేసేవాళ్లం. తప్పు ఎంతసేపు తిరిగిందో సవరణ కూడా అదే చోట అంతసేపు తిరగాలని చట్టం చేయమనండి, నేను సంతకం పెడతాను. ప్రసారం ఆపే అధికారానికి మాత్రం పెట్టను.

గోపాలపట్నం వాసి:
అది నాకూ సమ్మతమే. అయితే తప్పని తేల్చేది ఎవరు? విశ్రాంత న్యాయమూర్తి అంటారు. ఆయనను నియమించేది ఎవరండీ?