మధురైలో ఒక్కరోజే ఉంటే ఊరి బయటి జైన కొండకు వెళ్లాలా?

గోదారిగట్టు:
అమ్మానాన్నలతో మధురై, రామేశ్వరం, కన్యాకుమారి వెళ్తున్నాం. మధురైకి ఒక్కరోజే. మీనాక్షమ్మ గుడి, తిరుమల నాయకుడి మహల్ చాలంటున్నాడు ట్రావెల్స్ ఆయన. ఊరి బయట కీళకుయిల్‌కుడి దగ్గరున్న సమణర్ మలై అనే జైన కొండ చూడాలని నాకు ఆశ. ఒక పూట దానికి పెట్టొచ్చా?

రాతిపిచ్చి:
తప్పకుండా పెట్టండి. గుడి ఎలాగూ మధ్యాహ్నం మూసేస్తారు. దర్శనం సాయంత్రానికి పెట్టుకుంటే, రాత్రి స్వామి పాదాలను పల్లకిలో అమ్మవారి సన్నిధికి తీసుకెళ్లే పవళింపు సేవ కూడా దొరుకుతుంది. కొండకు మాత్రం ఎండ ఎక్కకముందే వెళ్లాలి.

కింద తామర చెరువు, పెద్ద మర్రి, అయ్యనార్ గుడి. అక్కడి నుంచి మెట్లెక్కితే పేచ్చిపళ్లం అనే చోటు వస్తుంది. ఊట పక్కన బండ మీద వరసగా పార్శ్వనాథుడు లాంటి తీర్థంకరుల బొమ్మలు, వాళ్లతోపాటు బాహుబలి. కింద వట్టెళుత్తు అనే పాత తమిళ లిపిలో శాసనాలు. అన్నీ 9, 10 శతాబ్దాల నాటివి. కొండకు ఇంకో వైపు చెట్టిపొడవు గుహ. లోపల పైకప్పు మీద సింహమెక్కి విల్లు ఎక్కుపెట్టి, ఏనుగు మీది శత్రువుతో పోరాడే అమ్మవారు ఉంటుంది. నేను దుర్గమ్మ అనుకుని దండం పెట్టేశాను. ఆమె జైన యక్షి, అంటే తీర్థంకరులను కొలిచే కాపు దేవత. ఆ బొమ్మ ముందు అరగంట కూర్చుండిపోయాను.

పెద్దకోడలు:
పెద్దవాళ్ల సంగతి ఆలోచించండి. మా అత్తగారిని ఇలాగే పొద్దున్నంతా బయట తిప్పాం. సాయంత్రం గుడి క్యూలో ఆవిడ నిలబడలేకపోయారు. దర్శనం కాకుండానే వెనక్కి వచ్చేశాం. ఆ బాధ నాకింకా పోలేదు. పైగా జనం పెరిగితే ఆ బండల మీద పేర్లు చెక్కుతారు. అలాంటి చోట్లు ఎవరికీ తెలియకుండా ఉంటేనే భద్రం.

రాతిపిచ్చి:
అత్తగారి విషయంలో మీ మాట నిజం, పెద్దవాళ్లను కొండ ఎక్కించకూడదు. తెలియకపోతే భద్రం అన్నది మాత్రం ఒప్పుకోలేను. మేలూరు వైపు అరిట్టాపట్టి ఉంది. తమిళ బ్రాహ్మీ అనే ప్రాచీన లిపిలో శాసనం, పాండ్యుల కాలపు రాతి గుడి ఉన్న ఊరు. 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అయినా 2024లో ఆ చుట్టుపక్కల టంగ్‌స్టన్ గనులకు వేలం వేశారు. ఊళ్లకు ఊళ్లే కదిలి పోరాడితే 2025 జనవరిలో కేంద్రం రద్దు చేసింది. తమ కొండలో ఏముందో తెలిసిన జనం కాబట్టే అంత గట్టిగా నిలబడ్డారు.

గోదారిగట్టు:
సరే, అమ్మానాన్న లాడ్జిలో విశ్రాంతి తీసుకుంటారు. తెల్లారి నేనొక్కడినే వెళ్లి తొమ్మిదికల్లా వచ్చేస్తాను. పెరియార్ బస్టాండ్ దగ్గర ఆటో మాట్లాడుకుంటే, తిరిగొచ్చేదాకా ఆగుతారా?