అప్‌డేట్: హెడ్‌లో పగులు దొరికింది

కూలెంట్ తగ్గుతోంది, బయట లీక్ లేదు, డీజిల్ ఇంజిన్ హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పాక ఏం చూడాలని అడిగాను కదా. మీరన్నట్టే గాస్కెట్ (సీల్ పొర) కూర్చునే ముఖం మీద వైర్ బ్రష్ మిషన్ పెట్టకుండా ప్లాస్టిక్ స్క్రాపర్‌తో ఓపిగ్గా గీకాం. తిన్నని అంచున్న స్ట్రెయిట్ ఎడ్జ్ పట్టీ పెట్టి పొడవునా, అడ్డంగా, ఐమూలగా సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూస్తే వంపు మాన్యువల్ లిమిట్‌ లోపలే ఉంది. అక్కడే ఆగుంటే అసలు సంగతి బయటపడేది కాదు. మసంతా పోయాక పగుళ్లలోకి ఇంకే ఎర్రరంగు (డై పెనెట్రంట్) కొట్టి, తుడిచి, ఆ రంగును పైకి లాగే డెవలపర్ స్ప్రే చేస్తే మూడో సిలిండర్ వాల్వ్ సీట్ల మధ్య వెంట్రుకంత ఎర్రగీత తేలింది! అది కూలెంట్ తిరిగే నీళ్ల జాకెట్ దాకా వెళ్లిందో లేదో రంగు చెప్పదు, అందుకే ప్రెషర్ టెస్ట్ చేయించాం. వేడినీళ్లలో ముంచి గాలి పెట్టగానే సరిగ్గా అక్కడి నుంచే బుడగలు. హెడ్ మార్చేస్తున్నాం. ఆ టెస్ట్ తప్పనిసరిగా చేయించమన్న అన్నకి చాలా థాంక్స్. కొత్తది బిగించేలోపు బ్లాక్‌లో బోల్ట్ రంధ్రాల్లోని నూనె, నీళ్లు ఊదేసే పనిలో ఉన్నాం.