ట్రైనింగ్‌కి ముందే కాలినొప్పి, స్ట్రెస్ ఫ్రాక్చరేనా?

మేముండేది మెహదీపట్నంలో. మా తమ్ముడు అగ్నివీర్‌గా సెలెక్టయ్యాడు, వచ్చే నెల గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో చేరాలి. సెలెక్షన్ అయ్యాక పరుగు మానేసినవాడు, లెటర్ రాగానే ఒక్కసారిగా తారురోడ్డు మీద, అరిగిన బూట్లతో, వీపున బరువేసుకుని మరీ మొదలుపెట్టాడు (చెప్తే వింటాడా!). ఇప్పుడు మోకాలి కింద ముందు ఎముక మీద, రూపాయి బిళ్లంత చోట వేలు పెడితే చాలు, ఎగిరిపడుతున్నాడు. విటమిన్ డి కూడా తక్కువే ఉంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, కానీ స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటే ఎముక మీద పదేపదే భారం పడి వచ్చే సన్నని పగులట, మొదటి రెండు మూడు వారాలు అది అందులో కనబడకపోవచ్చట, ఎమ్మారైలో అయితే తెలుస్తుందట. ట్రైనింగ్ చేసొచ్చినవాళ్లు, ఆర్థో డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎమ్మారై ఇప్పుడే తీయించాలా? పరుగు పూర్తిగా ఆపేసి ఈత కొడితే ఫిట్‌నెస్ నిలుస్తుందా? అక్కడ చెబితే వెనక్కి పంపేస్తారేమోనని వాడి టెన్షన్, దాచిపెట్టి వెళ్తే పగులు పెద్దదవుతుందేమోనని నాది.