ఆంధ్రా యూనివర్సిటీలో నిజంగా కనిపెట్టింది ఏముంది?

ప్రశ్న:
మా అమ్మాయి ఏయూలో ఎమ్మెస్సీ ఓషనోగ్రఫీ (సముద్ర శాస్త్రం) చేస్తానంటోంది. 1926లో పెట్టారనీ, సీఆర్ రెడ్డి గారు, రాధాకృష్ణన్ గారు వీసీలుగా చేశారనీ అందరూ చెబుతారు. పేర్లు సరే, పరిశోధన సంగతేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత ఓషనోగ్రఫీ విద్యార్థి:
చాలా ఉందండీ. బెజవాడలో మొదలైన యూనివర్సిటీ 1930లో వాల్తేరు వచ్చింది. ఎదురుగా బంగాళాఖాతం. 1952లో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పాఠాలు చెప్పడానికి వచ్చారు. నేవీ ఓడలు ఇస్తే, వాటి మీద వెళ్లి లోతుల్లో నీటి వేడి, ఉప్పదనం కొలిచారు.

ఆ కొలత పద్ధతి నాకు ఇప్పటికీ అబ్బురమే. తీగకు సీసా, దానికో థర్మామీటరు బిగించి దింపుతారు. కావలసిన లోతుకు చేరాక తీగ వెంట చిన్న బరువు జారవిడుస్తారు. అది తగలగానే సీసా తలకిందులవుతుంది, థర్మామీటర్లో పాదరసం అక్కడికక్కడే తెగుతుంది. పైకి లాగేటప్పుడు దారిలో నీరు ఎంత వెచ్చగా ఉన్నా ఆ రీడింగు మారదు.

మార్చి, ఏప్రిల్‌లో మన తీరం పక్కన అడుగు నీరు పైకొస్తుందని ఈ కొలతలతోనే తేలింది. నైరుతి గాలి తీరం వెంట వీస్తే, భూమి తిరగడం వల్ల పై నీరు కుడివైపుకి, అంటే నడిసముద్రంలోకి జరుగుతుంది. ఆ చోటులోకి కిందనుంచి చల్లటి నీరు పోషకాలతో సహా వస్తుంది.

తర్వాత సముద్రగర్భంలో లోయలు బయటపడితే లాఫాండ్ ఒకదానికి ఆంధ్రా అనీ, ఇంకోదానికి మహదేవన్ అనీ పేరు పెట్టారు. సీవీ రామన్ శిష్యుడైన మహదేవన్ గారే ఇక్కడ జియాలజీ విభాగాన్ని నిలబెట్టారు. వీసీల జాబితా కన్నా ఆ లోయ పేరే నాకు గొప్ప.

కెమిస్ట్రీ అభిమాని:
టీఆర్ శేషాద్రి గారిని మరవద్దు. 1930ల్లో ఇక్కడే పత్తిపూల రంగుల్లో ఏముందో విడదీసి చూపారు. 1942లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక యూనివర్సిటీ గుంటూరు తరలింది. అన్ని ఇబ్బందుల్లోనూ పని ఆపలేదాయన. 1960లో బ్రిటన్ సైన్స్ అకాడమీ అయిన రాయల్ సొసైటీకి ఫెలో అయ్యారు. ఇక్కడి సైన్స్ కాలేజీకి ఎవరి పేరు పెట్టారో ఆ జయపురం (ఒడిశా) మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ రోజుల్లో లక్షంటే మాటలా!

లెక్కల మాస్టారు:
గణాంక శాస్త్రవేత్త సీఆర్ రావు గారు ఎమ్మే మ్యాథ్స్ చదివింది ఇక్కడే. తర్వాత 1945లో ఆయన ఇచ్చిందే క్రామర్-రావు సూత్రం: శాంపిల్ లెక్కలతో వేసే అంచనాలో తేడా ఎంతకన్నా తగ్గదో చెబుతుంది.

ప్రశ్న వేసినవారు:
లాఫాండ్ సంగతి చదివి వినిపించాను, అమ్మాయి ఓడ ఎక్కుతానని ఒకటే గొడవ! ఇప్పుడూ తీసుకెళ్తారా?

పాత ఓషనోగ్రఫీ విద్యార్థి:
చేరకముందే డిపార్ట్‌మెంటుకి వెళ్లి సీనియర్లని అడగమనండి: ఫీల్డ్‌వర్క్ ఎలా ఉంటుంది, ప్రాజెక్టుకి ఎక్కడికి పంపుతారు అని. ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది, ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) హైదరాబాద్‌లో. రెండింటికీ ముందునుంచే మెయిల్ పెట్టుకోమనండి.