16న బడి తెరుస్తున్నాం: ఒకింటి పిల్లల్ని ఏ రోజు పిలవాలి?

ఇన్‌చార్జి హెచ్ఎం, పల్నాడు
2021 ఆగస్టు 7, రాత్రి 10:40

గుంటూరు జిల్లా పల్నాడులో ఒక జడ్పీ హైస్కూల్ మాది. కరోనాకి మూసిన బడిని 16న మళ్ళీ తెరవాలి. జూన్‌లో మా హెచ్ఎం (హెడ్మాస్టర్) గారు రిటైరయ్యారు. సీనియారిటీలో తర్వాతి పేరు నాదే కాబట్టి తాళంచెవుల గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను బయాలజీ చెప్పుకునే మనిషిని. కప్ప గుండెకి ఎన్ని గదులని అడిగితే నిద్రలో లేపినా చెబుతాను. నా బడికి ఎన్ని గదులు కావాలో తేలక మూడు రాత్రులుగా ఆ నిద్రే లేదు.

లెక్క ఇది. 6లో 58 మంది, 7లో 61, 8లో 66, 9లో 64, 10లో 63. మొత్తం 312. ప్రైవేటు బళ్ళ నుంచి వచ్చి చేరేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు, వాళ్ళని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. గదికి 20 మందికి మించకూడదన్నారు, చాలకపోతే రోజు విడిచి రోజు నడుపుకోమన్నారు. తరగతిని సగం చేసినా 29 నుంచి 33 మంది తేలుతున్నారు, అంటే తరగతికి రెండేసి గదులు, మొత్తం పది. సర్కారు బళ్ళని బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడతలో మా బడి ఉంది. రంగులు, పంపుల్లో నీళ్ళు, ఆర్వో ప్లాంటు, ఆకుపచ్చ బోర్డులు అన్నీ వచ్చాయి, గదులు మాత్రం పెరగలేదు. ఉన్నవి తొమ్మిది. సైన్స్ ల్యాబ్‌లో బల్లలు గోడకి జరిపితే పదోది. నాతో కలిపి టీచర్లం పదకొండు మందిమి, ఒకరు మెడికల్ లీవ్. అంటే పదిమందిమీ మొదటి బెల్లు నుంచి చివరి బెల్లు దాకా క్లాసులోనే. నేను ఆఫీసు పని ఎప్పుడు చూస్తానో, మంచినీళ్ళు ఎప్పుడు తాగుతానో అడక్కండి.

ఇదంతా ఎలాగో ఈడ్చుకొస్తాం. నా ప్రశ్న వేరే.

రోల్ నంబరు సరిసంఖ్య అయితే ఒక రోజు, బేసి అయితే ఒక రోజు అనుకున్నాం. కిందటి నవంబరు 2న 9, 10 తరగతులతో తెరిచినప్పుడు అలాగే చేశాం, ఇబ్బంది రాలేదు. నిన్న ఒకామె వచ్చింది. ముగ్గురు పిల్లలు మా దగ్గరే, 6, 8, 10 తరగతుల్లో. పత్తి చేలో కలుపుకి వెళ్తుంది, పొద్దున ఏడింటికి ఆటో ఎక్కితే చీకటి పడే ముందు దిగుతుంది. నా కాగితం చూపిస్తూ చెబుతుంటే మధ్యలో ఆపేసింది. "అంటే రోజూ ఎవురో ఒకరు ఇంటికాడ ఉంటారు గదా మేడమ్? చిన్నోణ్ణి ఒక్కణ్ణే వదిలి నేనెట్టా పోయేది? పెద్దదాన్ని ఆపేస్తాలే."

పెద్దది 10వ తరగతి.

ఇంకొకటి కూడా తగిలింది, చెబితే నవ్వుతారేమో. గోరుముద్ద (మధ్యాహ్న భోజనం) మెనూలో చిక్కీ ఇచ్చేది సోమ, బుధ, శుక్రవారాల్లో. సోమవారంతో మొదలయ్యే గుంపుకి వారంలో మూడు గుడ్లు, మూడు చిక్కీలు. మంగళవారం గుంపుకి రెండు గుడ్లు, శనివారం తీపి పొంగలి. వాళ్ళకి ఏడాదంతా చిక్కీ ముక్క దొరకదు. నేను కాగితం మీద గీతలు గీస్తుంటే వెనక నిలబడి చూసి మా వంటమ్మ పట్టుకుంది దీన్ని, నాకు తట్టలేదు.

మీ బళ్ళలో ఎలా విడదీస్తున్నారు? మాస్కులు, శానిటైజర్ గురించి రాయకండి దయచేసి, అవన్నీ వచ్చాయి. థర్మల్ గన్ కూడా వచ్చింది. ఎండలో నడిచొచ్చిన మా అటెండర్‌కి జ్వరం చూపించింది, వేపచెట్టు కింద ఐదు నిమిషాలు నిలబెడితే తగ్గించేసింది.


రిటైర్డ్ హెచ్ఎం, రేపల్లె వైపు
ఆగస్టు 8, ఉదయం 5:55

అమ్మా, శుభోదయం. రోల్ నంబర్లు చించెయ్యి. ఊళ్ళ వారీగా విడదియ్యి. ఒక ఊరి పిల్లలంతా ఒకే రోజు వస్తే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసే వస్తారు, ఆటోవాడికి బేరం కుదురుతుంది. రేపు ఒక ఊళ్ళో కేసులు లేచాయనుకో, ఆ రోజు గుంపుని ఆపుతావు, రెండో గుంపు చదువు సాగుతుంది. రోల్ నంబర్లతో కలిపేస్తే ఒక్క కేసుకి బడంతా మూయాలి.

ఇంకో మాట. 1990 మే తుపాను తర్వాత జూన్‌లో మేం బడి తెరిచినప్పుడు నేర్చుకున్నది. మూసి ఉన్న గదిని పిల్లల చేత తెరిపించకు. వారం ముందే నువ్వే ఒక మనిషిని తోడు పెట్టుకుని ప్రతి గదీ తిరుగు. కిటికీ రెక్కల వెనక కందిరీగలు పెడతాయి, బీరువా కింద పాములుంటాయి. ఫ్యాను వేసి పావుగంట కిందనే నిలబడి చూడు. ట్యాంకు కడిగించాక ఆ నీళ్ళు నువ్వు తాగు, తర్వాత పిల్లలకి ఇవ్వు. స్టోర్లో పాత బియ్యం ఉంటే గుప్పెడు తీసి నీళ్ళలో వేసి పురుగు తేలుతుందేమో చూసి, తేలితే వెనక్కి పంపించు, జల్లించి సర్దుకుంటామని వంటవాళ్ళు అంటారు, ఒప్పుకోకు. నీ సంతకం మీద నడిచే బడి.


లెక్కల సారు, నల్గొండ
ఆగస్టు 8, మధ్యాహ్నం 1:15

మేడమ్, మాకు ఇంకా తేదీ రాలే. జూలై 1 నుంచి టీశాట్, యాదగిరి ఛానెల్ పాఠాలే నడుస్తున్నయి, మేం ఫోన్లు చేసి "చూసినవా?" అని అడుగుతున్నం, పిల్లలు "చూసిన సార్" అంటున్నరు, ఇద్దరికీ తెలుసు అసలు సంగతి. ఫిబ్రవరి 1న 9, 10 తెరిచి మార్చి 24న మళ్ళీ మూసినం గనుక ఆ అనుభవం చెప్త.

మీ చిక్కీ లెక్క సులభం. గుంపుల్ని వారవారం తిప్పండి. ఈ వారం 'ఏ' గుంపు సోమ, బుధ, శుక్ర అయితే, వచ్చే వారం 'బి' గుంపు. రెండు వారాలకు ప్రతి పిల్లకూ ఆరు రోజులు, ఐదు గుడ్లు, మూడు చిక్కీలు, ఒక తీపి పొంగలి. సమానం. పాఠాలకూ ఇదే మంచిది, లేకుంటే శనివారం వచ్చే సబ్జెక్టు ఒక గుంపుకే దక్కుతది.

తిప్పుడుతో ఒక తిప్పలున్నది. ఏ వారం ఎవరిదో తల్లిదండ్రులు మరిచిపోతరు. తప్పు రోజున వచ్చిన పిల్లను గేటు కాడి నుంచి పంపొద్దు. ఫిబ్రవరిలో మేం ఒక పిలగాణ్ణి పంపినం, రూలు రూలే అని. వాడు మళ్ళ రాలే. ఇటుక బట్టీల కాడ ఉన్నడని మార్చిలో తెలిసింది. గదికి 20 అన్నరు కదా, మీరు ప్లాను 16 మందికే వేసుకుంటున్నరు, ఆ నాలుగు కుర్చీలు దారి తప్పి వచ్చినోళ్ళకే అనుకోండి.


ఇద్దరు పిల్లల తల్లి, మాచర్ల
ఆగస్టు 8, రాత్రి 9:30

టీచర్ని కాదు, చదివి రాస్తున్నా. ఏ రోజైనా నాకు ఒకటే గానీ వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకండి. ఫోన్ మా ఆయనతో లారీ మీద పోతుంది. పిల్ల నోట్సు వెనకట్ట మీద రాయించి పంపండి.


సెకండరీ గ్రేడ్ టీచర్, ప్రకాశం జిల్లా
ఆగస్టు 8, రాత్రి 11:20

పెద్దాయన మాట మీద గౌరవంతోనే ఒకటి అడుగుతాను. మేడమ్, మీ బడికి పిల్లలు ఎక్కడెక్కడి నుంచి వస్తారో రాయలేదు. ఊరు, ఊరికి అవతల ఎస్సీ కాలనీ, ఇంకాస్త దూరంలో తండా, ఇంతేనా? అయితే ఊళ్ళ వారీగా విడదీస్తే ఏమవుతుందో ఊహించండి. సోమవారం ఊరి పిల్లలు, మంగళవారం కాలనీ పిల్లలు. మీరు రిజిస్టర్లో ఏ గుంపు, బి గుంపు అని రాసుకుంటారు. టీకొట్టు దగ్గర మూడో రోజుకే వేరే పేర్లు పెడతారు. ఆ పేర్లు కరోనా పోయినా పోవు.

నేను అలాంటి కాలనీలో పుట్టి, అలాంటి జడ్పీ హైస్కూల్లోనే చదివాను. ఊరి పిల్లల పక్కన నేను కూర్చున్న చోటు ఆ బడి బల్ల ఒక్కటే. తర్వాత వాళ్ళ వాకిళ్ళలోకి పోలేదు, వాళ్ళు మా వాకిట్లోకి రాలేదు. ఆ బల్ల కూడా తీసేస్తే ఇంకేం మిగలదు.

ఆటో గొడవ, కేసుల గొడవ నిజమే. కాదనను. కానీ ఊరు బదులు ఇల్లు యూనిట్‌గా తీసుకోండి. ఒక ఇంటి పిల్లలంతా ఒక రోజు. ఏ ఇల్లు ఏ రోజో చీటీలు తీయండి, ప్రతి వీధీ రెండు గుంపుల్లోనూ పడేలా చూడండి.


రిటైర్డ్ హెచ్ఎం, రేపల్లె వైపు
ఆగస్టు 9, ఉదయం 6:10

బాబూ, నాకు తోచలేదు. ముప్ఫై అయిదేళ్ళు బడి నడిపినవాణ్ణి, తోచాల్సింది. అమ్మా, అబ్బాయి చెప్పినట్టు చెయ్యి.


ఇన్‌చార్జి హెచ్ఎం, పల్నాడు
ఆగస్టు 13, రాత్రి 11:05

అందరికీ నమస్కారం. ప్రకాశం సారు అడిగింది అక్షరాలా నిజం. మాకు ఊరు, కాలనీ, మూడు కిలోమీటర్ల అవతల తండా. పెద్దాయన సలహా చదివి ఆ పూటే ఊరొక రోజు, కాలనీ, తండా కలిపి ఒక రోజు అని చార్టు గీసేశాను. సంఖ్య కూడా చక్కగా సగానికి సగం వచ్చింది. అంత చక్కగా ఎందుకొచ్చిందో ఒక్క క్షణం కూడా ఆగి ఆలోచించలేదు. ఆ చార్టు స్టాఫ్‌కి చూపించాను కూడా. ఎవరూ ఏమీ అనలేదు. కాలనీ నుంచి వచ్చే మా హిందీ టీచరు కూడా ఏమీ అనలేదు. ప్రకాశం సారు జవాబు చదివాక ఆమె దగ్గరికెళ్ళి చార్టు చించానని చెబితే, "సరే మేడమ్" అని హాజరుపట్టీ తెరిచి నా పక్కన కూర్చుంది. రాత్రి ఏడు దాకా లేవలేదు.

312 మంది పిల్లలు 241 ఇళ్ళ నుంచి వస్తున్నారు. అది కూడా మొన్నటిదాకా నాకు తెలియదు. ఒక్కో ఇంటికి ఒక చీటీ రాశాం. ఊరివి, కాలనీవి, తండావి మూడు డబ్బాల్లో వేసి, ఒక్కో డబ్బాలోంచి ఒకటి ఏకి, ఒకటి బికి. తండాకి మాత్రం నాలుగు ఆటోలు తిరుగుతాయి, డ్రైవర్లని పిలిచి ఏ ఆటోలో ఏ ఇళ్ళో రాయించుకుని, రెండు ఆటోలు ఏలో, రెండు బిలో వేశాం. చీటీల దగ్గర పేరెంట్స్ కమిటీని కూర్చోబెట్టాను, రేపు ఎవరూ నన్ను అనకుండా. ఒకాయన మాత్రం "ఊళ్ళ వారీగా పెడితే తేలిక కదా మేడమ్" అని రెండుసార్లు అన్నాడు. తేలికేనండీ అన్నాను.

ఏ గుంపు 158, బి గుంపు 154. 8వ తరగతిలో 35, 31గా చీలింది, సర్దేశాను. మాచర్ల తల్లి చెప్పినట్టు వారాల పట్టిక చిన్న కాగితం మీద జిరాక్స్ తీసి 312 మందికీ పంచుతున్నాం. స్టోర్లో బియ్యం నీళ్ళ పరీక్షలో ఒక బస్తా తప్పింది, వెనక్కి పంపాను. కిటికీ వెనక కందిరీగలు కూడా పెద్దాయన చెప్పిన చోటే ఉన్నాయి. పాము కనపడలేదు, బీరువా ఇంకా జరపలేదు లెండి.


ఇన్‌చార్జి హెచ్ఎం, పల్నాడు
ఆగస్టు 18, సాయంత్రం 6:20

మూడు రోజులు గడిచాయి. సోమవారం 158కి 117 మంది వచ్చారు. మంగళవారం 154కి 121. సర్కారు విద్యాకానుక కింద ఇచ్చిన బూట్లు చాలామందికి బిగుతు. కొలతలు తీసుకున్నాక పాదాలు ఆగుతాయా మరి. సోమవారం అన్నం, గుడ్డు కూర, చిక్కీ. మెట్ల మీద, వరండాలో దూరదూరంగా కూర్చోబెట్టాం. ఆ దూరం తింటున్నంతసేపే నిలిచింది.

ముగ్గురు పిల్లల తల్లి ముగ్గురినీ సోమవారం పంపింది, ఈరోజూ పంపింది. పెద్దది ముందు బెంచీలో కూర్చుంది. అది చూశాక మిగతావి ఎలాగైనా కానీ అనిపించింది.

మనమెవరం లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది, స్నేహాలు. తప్పు రోజున వచ్చినవాళ్ళు తొమ్మిది మంది, ఒక్కళ్ళు కూడా మరిచిపోయి రాలేదు. ఈరోజు ఇంటర్వెల్‌లో 7వ తరగతి పిల్లలు ఇద్దరు ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఒకతె ఏ, ఒకతె బి. "మేడమ్, మేమిద్దరం ఒక ఇల్లే, పిన్ని కూతుళ్ళం, మీరు తప్పు రాశారు." రిజిస్టర్ తీశాను. ఒకమ్మాయిది రామాలయం వీధి. ఒకమ్మాయిది కాలనీ. నేను పేజీ తిప్పుతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టి నా వేలినే చూస్తున్నారు.

బిలో ఉన్న అమ్మాయిని ఏలోకి మార్చాను. ఆమె తమ్ముడు 4వ తరగతి, ఎలిమెంటరీ బళ్ళో ఉన్నాడట, అడ్డం లేదు. ఎందుకు మార్చారని రేపు ఎవరైనా అడిగితే ఉండాలి కదా అని రిమార్క్స్ గడిలో వాళ్ళు చెప్పిందే రాశాను: పిన్ని కూతురు.